బోణీ వేళ

నరసన్నపేట బజారులో మందుల కొట్టు మేడ మీద శైలజ రోగుల్ని చూసే గదికి పొద్దున్నే వచ్చే మొదటి మనిషి పద్మకుమారి. తన కిరాణా కొట్టు తెరవక ముందే వచ్చేది. వరసగా ఉన్న కొట్ల అరుగుల మీదుగా నడిచి, రోడ్డు మీద కాలు పెట్టకుండానే మెట్లెక్కేది. గదిలో ఇంకా కుర్చీలున్నా కిటికీ పక్కదే ఆమెది. గాలి కోసమనుకుంది శైలజ. కూర్చుని, తాళాల గుత్తి గుప్పిట్లో బిగించి, "ఏటమ్మా, టిఫినైనాదా?" అని తనే ముందు అడిగేది.

ఆ పలకరింపుకి బదులు చెప్పాలో కూడదో శైలజకి ఇప్పటికీ తేలలేదు.

శైలజ గజపతినగరం దగ్గర పల్లెలో పుట్టి, ఆ ఊరి బళ్లోనే చదువుకుని, విశాఖలో సైకాలజీ చేసింది. అక్కడ అనూరాధ మేడం దగ్గర మనోవిశ్లేషణ నేర్చుకుంది. మేడం పద్ధతిలో వైద్యుడు సలహా ఇవ్వడు, పని చెప్పడు, ఓదార్చడు. వింటాడు. రోగి నోటికి ఏది వస్తే అది మాట్లాడుతుంటే, ఆ మాటల వెనక ఏళ్ల తరబడి దాక్కున్నది మెల్లగా బయటికి వస్తుంది. అలా నేర్చుకున్న శైలజకి ఉద్యోగం మాత్రం శ్రీకాకుళంలో డాక్టర్ ఉమాశంకర్ దగ్గర దొరికింది. నరసన్నపేటలోని ఈ గది ఆయన ఆసుపత్రికి శాఖ. ఆయనది మెట్ల పద్ధతి. దేనికి భయమో దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్కటీ ఎక్కించడమే. తోడుగా ఓ చిన్న మాత్ర.

పద్మకుమారి భయం బయటికి వెళ్లడం. కిందటేడు భర్త రాంబాబు పోయిన కొన్నాళ్లకి మొదలైంది. అరుగు దిగితే గుండె దడ, చెమటలు, కాళ్లు బిగుసుకుపోవడం. జాతీయ రహదారి మీద లారీ హారన్ వినిపిస్తే ఊపిరాడదు. ఇల్లు కొట్టు వెనకే కాబట్టి ఏడాదిగా రోజులు అలాగే వెళ్లిపోయాయి. ఇప్పుడు వెళ్లవు. కూతురు సింధు గజపతినగరంలో అత్తవారింట నిండు నెలలతో ఉంది. బీపీ ఎక్కువగా ఉందని, ప్రయాణం చేయొద్దని డాక్టరు మంచం దిగనివ్వడం లేదు. పురిటికి పుట్టింటికి రావాల్సిన పిల్ల రాలేదు. తల్లే వెళ్లాలి.

"నాను తప్ప దానికి ఎవులున్నారమ్మా? అత్తగారు మంచిదే, గానీ అమ్మ అమ్మే గదా. పురుడొచ్చీలోగా నన్ను బస్సెక్కించీ. అంతే నాకు గావాల్సింది," అంది మొదటి రోజే.

ఉమాశంకర్ వెంటనే మెట్లు చెప్పేశాడు. అరుగు చివర నిలబడటం, రోడ్డు మీదికి దిగడం, బస్టాపు దాకా నడవడం, బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి రావడం, ఆపైన విజయనగరం మీదుగా గజపతినగరం.

"సార్, ఇంకొన్నాళ్లు వింటే భయం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుస్తుందేమో," అంది శైలజ ఫోనులో.

"నీ మౌనవ్రతం పూర్తయ్యేసరికి ఆవిడ మనవడు కాలేజీకి వెళ్తాడు. ముందు అరుగు దించు తల్లీ," అన్నాడాయన.

ఆ ఆదివారం అనూరాధ మేడానికి చెబితే, "మెట్లు కట్టడం మొదలుపెట్టగానే ఆవిడ నీ దగ్గర మార్కులు తెచ్చుకునే పిల్ల అయిపోతుంది, చూసుకో," అంది.

ఇద్దరూ తనకి మేలు కోరేవాళ్లే. ఇద్దరి మాటలూ నిజమే అనిపించేవి. శైలజ పొద్దున ఒకరి మాట, సాయంత్రం ఒకరి మాట మోసుకుంటూ తిరిగేది. శ్రీకాకుళం నుంచి బస్సులో వస్తున్నంతసేపూ కిటికీలోంచి వరి మళ్లు చూస్తూ, ఈ రోజు విననా, చెప్పనా అని తనలో తనే వాదించుకునేది. తీరా గదిలోకి వచ్చాక సగం వినేది, సగం చెప్పేది.

అయినా పని జరుగుతున్నట్టే కనిపించింది. వచ్చిన ప్రతిసారీ పద్మకుమారి మంచి కబురే తెచ్చేది.

"అరుగు సివర నిలబడ్డానమ్మా. ఏటీ కాలేదు."

మరో రోజు, "రోడ్డు మీదకి దిగినాను. దడొచ్చింది, పోయింది. నువ్వు సెప్పినట్టే."

ఇంకో రోజు, "బస్టాపు దాకా ఎల్లొచ్చాను. పువ్వులమ్మే అసిరమ్మ నన్ను సూసి నోరెళ్లబెట్టీసింది."

శైలజ లోపల పొంగిపోయేది. మాట్లాడుతున్నప్పుడు పద్మకుమారి చూపు మాటిమాటికీ కిటికీలోంచి కిందికి వెళ్లడం ఆమె గమనించకపోలేదు. గమనించింది, పక్కన పెట్టింది. ఉమాశంకర్ సంతోషించి, "ఇంకేం, రేపు నువ్వే తోడుండి శ్రీకాకుళం బస్సెక్కించు," అన్నాడు.

వైద్యుడు గది దాటి రోగి ఇంటికి వెళ్లడం అనూరాధ మేడం పద్ధతిలో లేదు. ఆ సంగతి మేడానికి చెప్పకుండానే శైలజ మర్నాడు పొద్దున్న కొట్టుకి వెళ్లింది.

పద్మకుమారి అప్పుడే షట్టరు ఎత్తి, గల్లాపెట్టె మీద దేవుడి పటానికి అగరొత్తి తిప్పుతోంది. శైలజని చూసి ఆమె ముఖంలో రంగు మారింది. ఈలోగా ఒక పెద్దాయన అరుగెక్కి పచ్చకర్పూరం అడిగాడు.

"ముద్దకర్పూరం మేలైంది వచ్చింది బాబూ, తీసికెల్లు," అంది పద్మకుమారి.

"పచ్చకర్పూరం లేదేటి?"

"రేపొస్తాది. ఇది సూడు, వాసనెలగుందో."

పెద్దాయన ఏదో గొణుక్కుంటూ ముద్దకర్పూరమే తీసుకున్నాడు. ఆమె ఆ డబ్బు కళ్లకద్దుకుని గల్లాలో వేసింది. అప్పుడే రాంబాబు తమ్ముడు హరిబాబు మోటారుసైకిలు ఆపి లోపలికి వచ్చాడు. అతనికి ఊరి చివర సిమెంటు కొట్టుంది. దారిన పోతూ రోజూ ఇక్కడ ఆగుతాడట. వస్తూనే గల్లా దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. పద్మకుమారి పక్కకి జరిగి నిలబడింది. నవ్వుతూనే ఉంది. కానీ ఆమె చెయ్యి గల్లాపెట్టె అంచుని వదల్లేదు.

"పదండి పద్మకుమారిగారూ, బస్టాపు దాకా నడుద్దాం. నేనున్నాగా," అంది శైలజ.

"వస్తన్నానమ్మా."

అంది గానీ కదల్లేదు. శైలజ మళ్లీ పిలిచింది. "వస్తన్నాను," అని మళ్లీ అంది. అరుగు అంచుదాకా వచ్చి ఆగిపోయింది. పై పెదవి మీద చెమట పోసింది.

హరిబాబు నవ్వాడు. "ఎక్కడికి తీసికెల్తారు మేడమ్? అరుగులెంట మీ గదికి రావడమే. మా వొదిన రోడ్డు మీద కాలెట్టి యాడాదవతాది. నాను సెప్తనే ఉన్నాను, కొట్టు నాను సూసుకుంటాను, నువ్వు గదిలో పడుకోని రెస్టు తీసుకో అని. ఇనదు."

శైలజ పద్మకుమారి వైపు చూసింది. పద్మకుమారి అరుగు గచ్చు వైపు చూసింది. బస్టాపు లేదు, రోడ్డు లేదు, నోరెళ్లబెట్టిన అసిరమ్మ లేదు. అన్నీ కొట్టులో కూర్చుని అల్లిన కబుర్లే.

ఆ రోజంతా శైలజకి ఒంట్లో కుదురు లేదు. మిగతా రోగులు చెప్పింది చెవికెక్కలేదు. అబద్ధం చెప్పినందుకు కోపం, నమ్మినందుకు సిగ్గు. తిరుగు బస్సులో నిలబడే అనూరాధ మేడానికి ఫోను చేసి, కొట్టుకి వెళ్లిన సంగతితో సహా అన్నీ చెప్పేసింది. తిడుతుందనుకుంది.

"కోపం ఎవరి మీద?" అంది మేడం.

"ఆవిడ మీద. ఇన్నాళ్లు వృథా చేశారు. అవతల ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి మేడం."

"నువ్వు అడిగిందే తెచ్చిచ్చింది కదా. లేనిది కూడా తెచ్చి ఎందుకిచ్చిందో, అది విను."

ఫోను పెట్టేశాక, లేనిది తెచ్చివ్వడం అన్న మాట దగ్గర శైలజకి పచ్చకర్పూరం పెద్దాయన గుర్తొచ్చాడు. తన చిన్నప్పుడు అమ్మ వంకాయల గంప దించుకుని సంతలో కూర్చున్నప్పుడు, మొదటి బేరం ఎంత తక్కువకి అడిగినా ఇచ్చేసేది. బోణీ వేళ మనిషిని వట్టి చేతులతో పంపకూడదనేది. అమ్మ పక్కనే గోనెపట్టా మీద కూర్చుని అదంతా చూసిన శైలజ, మొదటి రోజు పద్మకుమారి అడిగిన మాట మరిచిపోయింది. "నీకు పొద్దున్న మొదటి మడిసిని నానే అవతానమ్మా, అలగే రాసుకో," అని పట్టుబట్టి అడిగింది. కొట్టు తెరవాలి కాబట్టి అనుకుంది తను.

తర్వాతసారి పద్మకుమారి వచ్చింది. రాదనుకున్న శైలజకి అదే ఆశ్చర్యం. ఈసారి టిఫిను సంగతి అడగలేదు. కిటికీ పక్కన కూర్చుని తాళాల గుత్తి తిప్పుతూ ఉండిపోయింది. శైలజ, అడగాలని నాలుక కొసదాకా వచ్చిన ప్రశ్నని మింగింది. కింద ఎవరో షట్టరు ఎత్తారు. ఒక ఆటో అరిచి వెళ్లింది.

"కోపమొచ్చిందా?" అంది చివరికి పద్మకుమారి.

"వచ్చింది."

అలా నిజం చెప్పొచ్చో లేదో శైలజకి తెలియదు. చెప్పేసింది.

"వస్తాది మరి. నీ బోణీ నాదే గదమ్మా. పొద్దున్నే నీ ముందుకొచ్చి, ఎల్లలేదు, సెయ్యలేదు అని ఎలగ సెప్పీది? నీ రోజంతా ఏటవుద్ది? మా మావగారు బతికున్నప్పుడు ఓసారి పొద్దున్నే ఎవులో మెంతులడిగితే లేవన్నాను. కొత్త కోడల్ని, తెలీదు. అందరి ముందరా ఆయన నన్నేటీ అనలేదు. కొట్టంతా మల్లీ నాసేత తుడిపించారు. అంతే. మరి ఎవులికీ లేదనలేదు నాను."

"ఎవరికీ?"

"ఎవులికీ."

ఆ మాట తర్వాత ఆమె చూపు మళ్లీ కిటికీలోంచి కిందికి పోయింది. ఈసారి శైలజ ఆ చూపు వెనకే వెళ్లింది. కిటికీలోంచి మొదట కనపడేది పద్మకుమారి కొట్టు. దించి ఉన్న షట్టరు, దాని తాళం.

"మీరు ఎప్పుడూ ఆ కుర్చీలోనే కూర్చుంటారు," అంది మెల్లగా.

పద్మకుమారి తాళాల గుత్తి ఒళ్లో పెట్టుకుంది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. రాంబాబు పదకొండో రోజు అయ్యాక బ్యాంకు పని మీద ఆమె శ్రీకాకుళం వెళ్లింది. తిరిగి వచ్చేసరికి హరిబాబు గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. తాళం కప్ప మార్చేశాడు. గల్లాపెట్టె మీది దేవుడి పటం గోడ మీదికి మార్చాడు. "నువ్వెందుకొదినా ఈ తిప్పలు," అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి అతనికి టీ పెట్టి తెచ్చింది. తన కొట్టులో తను నిలబడి అతను టీ తాగేదాకా గ్లాసు కోసం చూసింది. తన సిమెంటు కొట్టు నష్టాల్లో పడితే అతనే తాళాలిచ్చి వెళ్లాల్సి వచ్చింది గానీ, ఆమె మాత్రం ఒక్క మాట అనలేదు.

"నాను దిగితే ఆ కుర్సీలో కూసుంటాడు," అంది. అని, తనే విన్నట్టు ఉలిక్కిపడింది. "అంటే ఇది లారీల బయం కాదేటమ్మా?"

శైలజకి చెప్పెయ్యాలనిపించింది. మీ నోరు అనలేని మాట మీ కాళ్లు అంటున్నాయి, హరిబాబుతో అనాల్సిన 'లేదు' అరుగు అంచున రోడ్డుతో అంటున్నారు, అని. ఆ వాక్యం తనకి అందంగా కనిపించింది. అందుకే ఆపుకుంది. ఆమె సొంతంగా సగం దూరం వచ్చింది, మిగతా సగం లాగకూడదు. కానీ వచ్చేవారమో, ఆ పై వారమో గజపతినగరంలో ఒక పిల్లకి నొప్పులొస్తాయి. కూర్చుని వింటూ ఉండటానికి రోజులు లేవు.

అప్పుడు ఇద్దరు గురువులూ చెప్పని పని ఒకటి ఆమె నోట్లోంచి వచ్చేసింది.

"మెట్లు మార్చుదాం పద్మకుమారిగారూ. రోడ్డు తర్వాత. రేపు బోణీ బేరానికి వచ్చినవాళ్లు మీ దగ్గర లేని సరుకు అడిగితే, లేదని చెప్పండి."

పద్మకుమారి చూసిన చూపుకి శైలజకి నవ్వొచ్చినంత పనైంది. బస్సు కింద పడమన్నా అలా చూసి ఉండదు.

"నీకేటైనా అయినాదా తల్లీ?"

"పోనీ నాతో చెప్పి చూడండి. నేను మీ కొట్టుకొచ్చాను. పచ్చకర్పూరం ఉందా?"

"రేపొస్తాది."

"నాకీవేళే కావాలి. ఉందా?"

"ముద్ద..." అని ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "అదీ... లే... సాల్లేమ్మా, సిన్నపిల్లలాటలు." కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో ఇద్దరికీ తెలియలేదు. శైలజ మంచినీళ్లు ఇవ్వలేదు, ఊరుకోమనలేదు. అక్కడే కూర్చుంది.

ఆ సాయంత్రం ఉమాశంకర్ అంతా విని గట్టిగా నవ్వాడు. "ఇదీ మెట్టే కదా. నా మెట్టే. కాకపోతే నేను రోడ్డు మీద వేశాను, నువ్వు గల్లాపెట్టె దగ్గర వేశావు."

అనూరాధ మేడం నవ్వలేదు. "నీ తొందర కొంత అందులో ఉంది. ఉండనీ. చేశాక ఆవిడ ఏం కలగంటుందో అడగడం మరచిపోకు," అంది.

తను చేసింది వంటలో రెండు కూరలు కలిపేసినట్టా, లేక నిజంగా ఒక దారా అని శైలజకి ఆ వారమంతా తెగలేదు. బస్సులో కూర్చున్నా నిలబడ్డట్టే ఉండేది.

పద్మకుమారి మళ్లీ వచ్చినప్పుడు కూర్చోకుండానే మొదలుపెట్టింది. "సెప్పీసాను. బోణీకొచ్చినోడు పటికబెల్లం అడిగినాడు. లేదన్నాను. తక్కెడ పట్టుకోని నిలబడ్డాను."

"ఏమన్నాడు?"

"సర్లే అన్నాడు. ఎల్లిపోనాడు."

"అంతేనా?"

"అంతే." ఆ మాట తనకే నచ్చనట్టు మొహం పెట్టింది. "ఇన్నేళ్లూ అంతేనా అని కోపమొచ్చింది."

ఈసారి శైలజ నమ్మింది, ఎందుకంటే ఆమె వెంటనే ఓడిపోయిన సంగతి కూడా చెప్పింది. హరిబాబు వచ్చి, పురిటికి వెళ్తే తాళాలు తనకివ్వమన్నాడట. నోరు పెగల్లేదట. సూద్దాం అందట. మళ్లీ టీ పెట్టిందట. మంచి కబురు కాకపోయినా ఆమె తెచ్చింది. కల కూడా తెచ్చింది. కలలో కొట్టు కళింగపట్నం ఒడ్డున ఉంది. షట్టరు ఎత్తే ఉంది. గల్లా దగ్గర ఎవరూ లేరు. ఆమె ఎండు చేపల మధ్య నిలబడి చాలాసేపు చూసింది. దొంగలు రాలేదు, హరిబాబు రాలేదు, సముద్రం కూడా లోపలికి రాలేదు.

"అప్పుడు మీకెలా అనిపించింది?"

"నీచువాసనకి మా మావగారు ఏటంటారో అనిపించింది," అంది. ఇద్దరూ నవ్వారు.

ఆ తర్వాత ఆమె రెండు అడుగులు రోడ్డు మీదికి దిగింది. నిజంగానే దిగింది. శైలజ కిటికీలోంచి చూస్తూనే ఉంది. లారీ హారన్‌కి వెనక్కి పరిగెత్తి అరుగెక్కేసింది. అంతవరకే జరిగింది. బస్టాపు దాకా కూడా వెళ్లనే లేదు.

తర్వాతి పొద్దున్న శైలజ గది తెరిచేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. ఫ్యాను వేసింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కింద చూస్తే పద్మకుమారి కొట్టు షట్టరు దించి ఉంది. హరిబాబు మోటారుసైకిలు అరుగు ముందు ఆగి ఉంది. అతను షట్టరు ముందు అటూ ఇటూ తిరుగుతూ ఎవరికో ఫోను చేస్తున్నాడు. నాలుగు గోడల మధ్య నాలుగు మాటలాడి ఒక మనిషిని ఎక్కడికి నెట్టేశాను అనుకుంది శైలజ. అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా, నానే." చుట్టూ జనం గోల. "సింధుని తెల్లారగట్లే ఆసుపత్రికి తీసికెల్లారు. నాను సికాకులం బస్సు కాంప్లెక్సులో ఉన్నాను."

"ఎలా వెళ్లారు?"

"బస్సెక్కి. ఎలగెక్కినానో అడక్కు. దారంతా కళ్లు మూసుకున్నాను. దిగీసరికి కాళ్లు పని సెయ్యట్లేదు. ఇక్కడ సిమెంటు బెంచీ మీద కూసుండిపోనాను. ఇజీనారం బస్సొకటి ఎల్లిపోయింది. నాను లెగలేకపోనాను. గుండె సూడు, సెవుల్లో కొట్టుకుంటన్నాది."

"కొట్టు?"

"తాళమేసీసాను. హరిబాబొచ్చి తాళాలిమ్మన్నాడు. లేదన్నాను."

ఆమె ఊపిరి ఫోనులో గుర్రుమంటోంది. శైలజ లేచి నిలబడింది. సంచి భుజానికి తగిలించుకుంది. ఆటో పట్టుకుంటే బస్సు, బస్సు పట్టుకుంటే శ్రీకాకుళం. ఉమాశంకర్ అయితే ఈపాటికి సగం దారిలో ఉండేవాడు. అనూరాధ మేడం అయితే కుర్చీలోంచి కదిలేది కాదు. శైలజ తలుపు దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ తలుపు దాకా వెళ్లింది. బెంచీ మీద ఆమె వణుకుతూ ఉంటే తను గదిలో ఉండి వినడమేమిటి? వెళ్లి చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి ఎవరి భయం కోసం?

"నన్ను రమ్మంటారా?" అంది.

అవతల కండక్టరు గొంతు ఒకటి దగ్గరవుతోంది. ఇజీనారం, ఇజీనారం, ఇజీనారం. గచ్చు మీద ఎవరో పెట్టె లాగుతున్నారు. పద్మకుమారి ఊపిరి పీల్చడం వినిపించింది, వదలడం వినిపించలేదు.

పొద్దు ఇంకా ఎక్కలేదు. ఆ రోజు శైలజతో మాట్లాడిన మొదటి మనిషి ఆమే. తనే బోణీ అని ఆమెకీ తెలుసు.

"లేదమ్మా," అంది పద్మకుమారి.

ఫోను ఆగిపోయింది. ఆమె పెట్టేసిందో, సిగ్నలు పోయిందో, ఫోను చేతిలోంచి జారిందో తెలియలేదు. శైలజ తిరిగి చెయ్యబోయి మానేసింది. భుజం మీది సంచి దించి కొక్కేనికి తగిలించింది. కింద హరిబాబు షట్టరు తాళాన్ని ఒకసారి లాగి చూసి, మోటారుసైకిలెక్కి వెళ్లిపోయాడు. మెట్ల మీద ఎవరివో చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాతి రోగి.

శైలజ కిటికీ పక్క కుర్చీని కాస్త పక్కకి జరిపింది. మళ్లీ ఉన్నచోటికే లాగింది. ఫోను బల్ల మీద, చూపుకి అందేలా పెట్టుకుని, "రండి," అంది.